తెర వెనక పాచిక రోల్ మార్చడం: ప్లేయర్‌ని కాపాడటమా, ఆటలో అరటిపండుని చేయడమా?

తెరవెనక:

రెండు వారాలుగా ఇదే ఆలోచన, అందుకే ఇక్కడ పెడుతున్నా. మా గ్రూపులో నలుగురు ప్లేయర్లు, నేను డీఎం, అంటే కథ నడిపే డంజన్ మాస్టర్‌ని. ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్, ఒక్కొక్కరూ ఒక్కో క్యారెక్టర్‌గా మాటలతో, పాచికలతో ఆడే కథ. ఐదో ఎడిషన్, 2014 రూల్స్. హైదరాబాద్‌లో మా ఇంట్లోనే రెండు వారాలకో ఆదివారం ఆడతాం. పదకొండు నెలలుగా ఒకటే కథ.

మూడో సెషన్‌లో జరిగింది ముందు చెప్తా. అప్పటికి అందరూ రెండో లెవెల్. పాడుబడ్డ కోట ముందు వంతెన మీద ఒక ఓగర్‌ని, అంటే భారీ రాక్షసుడిని పెట్టాను, మాట్లాడి దారి అడుగుతారనుకున్నా, వీళ్లు నేరుగా కొట్లాటకి దిగారు. మా మంత్రగత్తె క్యారెక్టర్‌కి పూర్తి హిట్ పాయింట్లు (ఎంత దెబ్బ తట్టుకోగలదన్న లెక్క) 14, అప్పటికి మిగిలినవి 9. ఓగర్ వంతు వచ్చింది, నా పాచికలు వాళ్లకి కనపడకుండా పెట్టుకునే స్క్రీన్ వెనక డీ20 (ఇరవై ముఖాల పాచిక) వేశా, 20 పడింది. అది క్రిట్, అంటే దెబ్బ పాచికలు రెట్టింపయ్యే రోల్ కాబట్టి దాని దుడ్డుకర్రకి రెండు డీ8లు కాదు, నాలుగు వెయ్యాలి, పైన ఇంకో 4 కలపాలి. నాలుగు పాచికలూ కలిపి 20 వచ్చాయి, మొత్తం 24. తొమ్మిది తీసేస్తే ఇంకా 15 మిగులుతోంది, అది ఆమె పూర్తి హిట్ పాయింట్లకంటే ఎక్కువ. అంటే డెత్ సేవ్‌ల (పడిపోయినవాళ్లు బతుకుతారో లేదో తేల్చే రోల్స్) దాకా కూడా వెళ్లదు, అక్కడికక్కడే ప్రాణం పోయినట్టు. ఆ క్యారెక్టర్ ఆడే అమ్మాయి మొదటిరోజే నాలుగు పేజీల కథ రాసుకొచ్చింది, తప్పిపోయిన అన్నని వెతుక్కుంటూ ఊరు వదిలిన మంత్రగత్తె అని. అవన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి పాచికలమీద చెయ్యి పెట్టేసి "కర్ర భుజానికి రాసుకుంటూ పోయింది, 7" అన్నాను.

మొన్న టీ తాగుతుంటే నా ఎడమపక్క కూర్చునే కుర్రాడు మాటల్లో అనేశాడు, ఆ రోజు ఓగర్‌కి 20 పడటం తను చూశానని. మంత్రగత్తెని ఆడే అమ్మాయి కోప్పడలేదు. "ఆ తర్వాత ఇంకెన్నిసార్లు మార్చావన్నా?" అని అడిగింది. మొత్తం మూడుసార్లని నిజమే చెప్పాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అంది, "చిత్తడి కోటలో నేను ఒక్క హిట్ పాయింట్‌తో నిలబడి గెలిచాం కదా, ఇంటికెళ్లి మా అమ్మకి కూడా చెప్పుకున్నా. అది నేను గెలిచానో నువ్వు గెలిపించావో నాకింక ఎప్పటికీ తెలీదు. నన్ను ఆటలో అరటిపండుని చేశావు."

ఆ చిత్తడి కోట రోజున నేను ఒక్క పాచిక కూడా ముట్టుకోలేదు. కానీ అది ఇప్పుడు ఏం పెట్టి నిరూపించను?

నేనైతే ఇక మార్చకూడదనే నిర్ణయానికి వచ్చా. మీరు ఏం చేస్తున్నారు, ఎందుకు?

పల్నాటి మంత్రగాడు:

మీరు అనవసరంగా బాధపడుతున్నారు. ఇది మోసం కాదు, డీఎం పనిలో భాగం. ఐదో ఎడిషన్ డీఎం పుస్తకంలోనే ఉంది, స్క్రీన్ వెనక వేస్తే కావాలనుకున్నప్పుడు ఫలితం మార్చుకునే వీలుంటుందని, మరీ తరచుగా చెయ్యొద్దని, చేస్తున్నట్టు బయటపడనివ్వద్దని. ఇంకా వెనక్కి వెళ్తే 1979 నాటి డీఎం గైడ్‌లో ఈ ఆటని తయారుచేసినవాళ్లలో ఒకడైన గైగాక్స్ కూడా రాశాడు: ప్లేయర్ చెయ్యాల్సిందంతా సరిగ్గా చేసి, కేవలం పాచిక దెబ్బకి చావాల్సి వస్తే చావు బదులు స్పృహ తప్పడమో, చెయ్యో కాలో పోవడమో పెట్టొచ్చని.

ఆ రోజు రెండో లెవెల్ వాళ్ల ముందు ఓగర్‌ని పెట్టిన లెక్క మీది. ఆ లెక్క తప్పితే శిక్ష ఆ అమ్మాయి ఎందుకు అనుభవించాలి? మీ తప్పుని మీరే దిద్దుకున్నారు. అసలు పొరపాటల్లా పక్కవాడికి పాచిక కనపడేలా కూర్చోవడం.

గవ్వలపేట:

బ్రదర్, గైగాక్స్ రాసింది సగమే చెప్పారు. అదే చోట, చనిపోయినవాళ్లని తిరిగి బతికించేటప్పుడు వేసే సిస్టమ్ షాక్ రోల్‌ని మాత్రం ఎప్పుడూ ముట్టుకోవద్దని కూడా రాశాడు. అంటే ఆయనకీ ఎక్కడో ఒక గీత ఉంది. పైగా చెయ్యి పోవడం, కాలు పోవడం అందరికీ కనపడే దెబ్బ. 24ని దాచి 7 అనడం అది కాదు.

మా అమ్మమ్మ గవ్వలతో అష్టాచెమ్మా ఆడేది. మాకు ఐదారేళ్లప్పుడు కావాలనే ఓడిపోయేది. పదేళ్లు వచ్చాక ఒకరోజు గవ్వ తిప్పేయడం చూసి నేను ఎంత ఏడ్చానో, ఓడిపోయినందుకు కూడా అంత ఏడవలేదు. ఇంకో మాట, మన దగ్గర వేసేవాడు చెప్పినట్టు పడే పాచికలకి ఒకటే పేరుంది, శకుని పాచికలు. శకుని ఓడించడానికి వాడాడు, మీరు గెలిపించడానికి వాడారు, నిజమే. కానీ అవతల కూర్చున్నవాళ్లకి పాచిక మీద నమ్మకం పోవడం మాత్రం రెండుచోట్లా ఒకటే.

ఆదివారం అక్క:

నేను కాస్త పక్కదారి నుంచి వస్తాను. వేసవి సెలవుల్లో మా అపార్ట్‌మెంట్ పిల్లలకి ఆడిస్తాను, ఎనిమిది నుంచి పన్నెండేళ్ల మధ్య ఆరుగురు. వాళ్ల దగ్గర నేను రోల్ మార్చాను, మళ్లీ మారుస్తాను కూడా. మొదటి ఆటలోనే, తను ఎంతో ఇష్టంగా బొమ్మ గీసుకుని తెచ్చుకున్న క్యారెక్టర్ ఇరవై నిమిషాల్లో చచ్చిపోతే ఆ పిల్ల మళ్లీ బల్ల దగ్గరికి రాదు. పెద్దవాళ్లకి పెట్టే నియమాలు తెచ్చి పిల్లలకి పెట్టకండి.

కానీ నా సమస్య కూడా చెప్పాలి. పన్నెండేళ్ల బాబు రెండో వారానికే కనిపెట్టేశాడు. "ఆంటీ, మేం చావం కదా" అన్నాడు, చాలా మామూలుగా. ఆ తర్వాత వాడు దారిలో ఉచ్చులున్నాయేమో వెతకడం మానేశాడు. తలుపు చాటున నక్కి వినడం మానేశాడు. ఏ గదిలోకైనా సరే నేరుగా దూసుకెళ్లిపోవడమే. వాడి ఆటని అలా చేసింది నేనే. చిన్నవాళ్లని కాపాడటానికి మొదలుపెట్టినది పెద్దవాడికి ఆట మీద ఆసక్తి పోగొట్టింది. నాకు ఇంకా జవాబు దొరకలేదు.

డల్లాస్ నుంచి:

మా తెలుగు గ్రూపు ఇక్కడ మూడేళ్ల కింద ఇదే గొడవతో దాదాపు విడిపోయింది, అప్పటినుంచి సిస్టమే మార్చేశాం. నా ఉద్దేశంలో మీరందరూ తప్పు ప్రశ్న దగ్గర ఆగిపోయారు. రోల్ మార్చాలా వద్దా అని కాదు, ఆ రోల్ అసలు ఎందుకు వేశారు అన్నది చూడండి. 24 వస్తే ఒప్పుకోలేనప్పుడు ఆ పాచిక చేతిలోకి తీసుకోకుండా ఉండాల్సింది. ఓగర్ ఆమెని ఎత్తి వంతెన మీంచి కిందికి పడేసిందనో, పుస్తకాల సంచీ నీళ్లలోకి విసిరేసిందనో చెప్పొచ్చు, అది ఇంకా మంచి కథ.

2010లో వచ్చిన అపోకలిప్స్ వరల్డ్ నుంచి పుట్టిన ఆటల్లో చూడండి, పాచికలు వేసేది ప్లేయర్లు. రెండు డీ6లు, 10 అంతకంటే ఎక్కువైతే అనుకున్నది జరుగుతుంది, 7 నుంచి 9 అయితే జరుగుతుంది కానీ ఏదో ఒకటి చెల్లించుకోవాలి, 6 లేదా తక్కువైతే నడిపేవాడు కథని ఎటో కష్టంలోకి తిప్పుతాడు. తెర వెనక దాచడానికి ఏముంది ఇందులో? అదే కుటుంబంలోని ఫాంటసీ ఆట డంజన్ వరల్డ్‌లో చావు దగ్గరికొస్తే ప్లేయర్ చివరి శ్వాస రోల్ వేస్తాడు, 7 నుంచి 9 పడితే మృత్యువే వచ్చి బేరం పెడుతుంది. ఒప్పుకుంటే బతుకుతావు, లేదంటే పోతావు. మా బల్ల దగ్గర ఒకడు ఆ బేరంలో తన ఊరి పేరు మర్చిపోవడానికి ఒప్పుకున్నాడు. ఆ తర్వాత ఆరు సెషన్లు కథ దాని చుట్టూనే తిరిగింది, నేను ముందుగా అనుకున్నదేదీ దానిముందు నిలబడలేదు.

2025లో వచ్చిన డాగర్‌హార్ట్ ఇంకా ముక్కుసూటిగా ఉంటుంది. చివరి హిట్ పాయింట్ పోతే ఏం జరగాలో ప్లేయరే ఎంచుకుంటాడు. ఒక్క ఘనమైన పని చేసి చనిపోవచ్చు, స్పృహ తప్పి మచ్చ పడే ప్రమాదంతో బతకొచ్చు, లేదా హోప్, ఫియర్ అనే రెండు డీ12లు వేసి అంతా దానిమీదే పెట్టొచ్చు. చావు మీద అధికారం ప్లేయర్ చేతిలో ఉన్నప్పుడు డీఎం దొంగచాటుగా జాలి చూపించాల్సిన అవసరం రాదు.

పల్నాటి మంత్రగాడు:

బాగుంది, కానీ ఒక సంగతి అడుగుతా. పాచికలు అందరిముందూ వేస్తాం అనుకుందాం. ఓగర్‌కి రాసిపెట్టిన 59 హిట్ పాయింట్లని మధ్యలో 40కి తగ్గిస్తే? పడిపోయినవాడిని మళ్లీ కొట్టకుండా ఓగర్ ఇంకొకరివైపు తిరిగితే? రావాల్సిన రెండో గుంపుని రానివ్వకపోతే? ప్రతి డీఎం ఇవి చేస్తాడు, ప్రతి సెషన్‌లో చేస్తాడు, వీటిని ఎవరూ మోసం అనరు. పాచిక ఒక్కటే పవిత్రం ఎలా అయింది? మీ ఓగర్ ఆమెని వంతెన మీంచి పడెయ్యడం కూడా నా లెక్కలో రోల్ మార్చడమే, కాకపోతే వెయ్యకముందు మార్చారు.

గవ్వలపేట:

ఆ "వెయ్యకముందు" అన్న మాటే నా మొత్తం వాదన.

రాత్రి కాగడా:

నేను డీఎం కాదు, ఎనిమిదేళ్లుగా ఆడేవాడిని మాత్రమే. మా డీఎం రోల్స్ మారుస్తాడని నాకు తెలుసు. మొదటిరోజే మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు, "నాకు కథ ముఖ్యం, మీ క్యారెక్టర్లని పిచ్చి చావు చావనివ్వను, అవసరమైతే పాచిక పక్కన పెడతా, ఇష్టం లేనివాళ్లు ఇప్పుడే చెప్పండి." ఎవరం వద్దనలేదు. మాకు ఏ బాధా లేదు. ఇక్కడ ఆ అమ్మాయిని ఎవరూ అడగలేదు, నాకు కనపడిన తేడా అదొక్కటే.

తెరవెనక:

అందరికీ థాంక్స్. పల్నాటి మంత్రగాడు గారూ, మీ ప్రశ్న మీద రెండు రోజులు ఆలోచించా. ఓగర్ ఎటు తిరగాలన్నది నా చేతిలో ఉందని మా వాళ్లందరికీ తెలుసు, దానికే నన్ను డీఎంగా కూర్చోబెట్టారు. పాచిక మాత్రం నా చేతిలో లేదని నమ్మి ఆడారు. ఆ నమ్మకం నేనే కలిగించాను, ప్రతిసారీ స్క్రీన్ వెనక గలగలలాడించి, మొహం సీరియస్‌గా పెట్టి. హిట్ పాయింట్లు మధ్యలో తగ్గించడం ఎటు వస్తుందో ఇంకా తేల్చుకోలేదు, అది కూడా దాచిన నంబరే కాబట్టి నాకు ఇబ్బందిగానే ఉంది. రాత్రి కాగడా అన్నట్టు ముందే అడగాల్సింది, అది పదకొండు నెలలు ఆలస్యంగా చేశాను. నలుగురినీ అడిగితే నలుగురూ ఒకటే మాట, అందరిముందూ వెయ్యమని.

నిన్నటి ఆదివారం స్క్రీన్ మడిచి బీరువా మీద పెట్టేశా. బల్ల మధ్యలో స్టీలు కంచం పెట్టి నావి, వాళ్లవి అన్ని పాచికలూ అందులోనే వేశాం. ఆ చప్పుడుకి పక్క గదిలోంచి మా ఆవిడ రెండుసార్లు తొంగి చూసింది. మూడో గంటలో మా దొంగ క్యారెక్టర్ పడిపోయాడు, నా ఎడమపక్క కుర్రాడిదే. డెత్ సేవ్‌లు రెండు నిలబడ్డాయి, రెండు పోయాయి. ఆఖరిది 10 పడితే చాలు. అతను పాచికని రెండు చేతుల మధ్య చాలాసేపు తిప్పాడు. ఇన్నాళ్లూ ఇలాంటప్పుడు అందరూ నా మొహం చూసేవాళ్లు, నేనేమైనా చేస్తానేమోనని కాబోలు. నిన్న ఒక్కరు కూడా చూడలేదు, నలుగురూ కంచంలోకే వంగిపోయారు. 6 పడింది.

చనిపోయినవాడిని బతికించే రివివిఫై మంత్రం వేద్దామంటే 300 బంగారు నాణేల వజ్రం కావాలి, ఉన్న ఒక్కదాన్నీ వీళ్లు పోయిన సెషన్‌లోనే గుర్రాల కోసం అమ్మేశారు. కుర్రాడు కాసేపు బాల్కనీలోకి వెళ్లి నిలబడ్డాడు. మంత్రగత్తె అమ్మాయి వెళ్లి పిలుచుకొచ్చింది. మిగిలిన గంటంతా దొంగకి అంత్యక్రియలు ఎక్కడ, ఎలా చెయ్యాలన్న మాటలతోనే గడిచింది, నేను దాదాపు నోరు విప్పలేదు.

వచ్చే సెషన్‌కి కొత్త క్యారెక్టర్‌తో వస్తానన్నాడు. మిగతావాళ్లు ఆరో లెవెల్‌లో ఉన్నారు. అతన్ని కూడా ఆరులోనే మొదలుపెట్టనివ్వనా, ఒకటి తగ్గించనా? మీ బల్లల దగ్గర ఏం చేస్తారు?