అప్‌డేట్: డీడీఆర్4-4000 ర్యామ్‌తో కంప్యూటర్ రీస్టార్ట్ అవడం – పరిష్కారమైంది

రైజెన్ 5 5600 ప్రాసెసర్‌తో డీడీఆర్4-4000 ర్యామ్‌ను పూర్తి వేగంతో నడిపితే కంప్యూటర్ దానంతటదే రీస్టార్ట్ అవుతోందని ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. విశాఖ ద్వారకానగర్‌లోని టెక్నీషియన్ పరీక్షించగా, మీలో ఒకరు చెప్పిన కారణమే నిజమని తేలింది: డీడీఆర్ మెమరీ ఒక్కో క్లాక్‌కు రెండుసార్లు డేటాను పంపుతుంది కనుక 4000 అంటే అసలు క్లాక్ 2000 మెగాహెర్ట్జ్, ప్రాసెసర్‌లోని భాగాలను కలిపే ఇన్‌ఫినిటీ ఫ్యాబ్రిక్‌ను కూడా ఆ వేగానికి పెంచినప్పుడు నా ప్రాసెసర్ నిలకడగా పనిచేయలేదు. ర్యామ్‌ను 3600కు తగ్గించి, ఫ్యాబ్రిక్‌ను, ర్యామ్‌ను నడిపే మెమరీ కంట్రోలర్‌ను 1800 మెగాహెర్ట్జ్ వద్ద, అంటే ర్యామ్ అసలు క్లాక్‌కు సమానంగా (1:1), ఉంచాక, రాత్రంతా నడిపిన మెమ్‌టెస్ట్ అనే ర్యామ్ పరీక్షలో ఒక్క లోపమూ కనబడలేదు. ర్యామ్‌ను 4000 వద్దే ఉంచి కంట్రోలర్‌ను సగం వేగానికి దించినా రీస్టార్ట్ ఆగింది గానీ, లేటెన్సీ (డేటా అందడంలో ఆలస్యం) పెరిగింది. నాకు 3600 అమరికే మేలనిపించింది. పవర్ సప్లైకి గానీ, నేను ఎక్కువగా అనుమానించిన విశాఖ ఉక్కపోతకు గానీ ఈ సమస్యతో సంబంధం లేదు.