సమస్య: ధ్రువము చుక్క కాదు దూలమయ్యె

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది. విషయం గోడ మీద ప్రపంచపటం. బంతిని బల్లపరుపుగా పరిస్తే ఏదో ఒక కొలత చెడక తప్పదని గణితజ్ఞుడు గౌస్ 1827లోనే తేల్చేశాడు. ఏది చెడిందో పద్యంలో కనబడాలి.

కాకినాడ మాస్టారు:

గోళ మొలిచి పఱచి గోడకుఁ దగిలింప
నడుమ గీత పొడవె నాటి పైన
పటపు మేస్త్రి మనకుఁ బైకప్పు వేయంగ
ధ్రువము చుక్క కాదు దూలమయ్యె

నిర్వాహకుడు: మేస్త్రి వచ్చాడు కాబట్టి దూలానికి చోటు కుదిరింది. అక్షాంశ రేఖ 60 డిగ్రీల దగ్గర భూమధ్యరేఖలో సగమే ఉండాలి, 90 దగ్గర సున్న. గళ్ల పటంలో అన్నీ ఒకే పొడవు, అందుకే ధ్రువమూ గీతే. ప్రాచీన భూగోళవేత్త, టైర్ నగరపు మరీనస్ కాలం నుంచీ ఉన్న పద్ధతే ఇది. పేరెత్తకుండా పట్టుకున్నారు, అభినందనలు.

డాలస్ తమ్ముడు:

ఓడ దారి తిన్న నుండంగ మెర్కేట
రడ్డు నిలువు లాగె, నంతలోన
తరుగవలయు గీత తగ్గక నిలువగా
ధ్రువము చుక్క కాదు దూలమయ్యె

హన్మకొండ అక్కయ్య: నడక హాయిగా ఉంది తమ్ముడూ, "మెర్కేట / రడ్డు" విరుపు కూడా. కానీ ఓడల దారి కోసం మెర్కేటర్ గీసిన పటంలో అసలు ధ్రువమేదీ? దిక్సూచి కోణం చెడకూడదని 1569లో ఆయన అడ్డంగా ఎంత సాగిందో నిలువునా అంతే సాగదీశాడు. 60 దగ్గర రెండింతలు, 80 దగ్గర దాదాపు ఆరింతలు, 90 దగ్గర అనంతం. ఎంత కాగితమైనా చాలదు. ఫోన్ మ్యాపులు 85 దగ్గర కత్తిరించేది అందుకే.

డాలస్ తమ్ముడు: కవిసమయం అనుకోకూడదా అక్కా!

హన్మకొండ అక్కయ్య: అనంతాన్ని దూలం అంటే ఎలా ఊరుకుంటాం! సరే, నాదీ చూడండి.

ఆఫ్రికాకు సాటి యా గ్రీనులాండంచు
బడినిఁ జెప్పినావు, పంతులయ్య!
పదియు నాల్గు రెట్ల పచ్చి బొంకది చూడు
ధ్రువము చుక్క కాదు దూలమయ్యె

కాకినాడ మాస్టారు: పంతుళ్లం దెబ్బతిన్నాం. లెక్క సరే, ఆఫ్రికా సుమారు 3 కోట్ల చదరపు కిలోమీటర్లు, గ్రీన్‌లాండ్ 22 లక్షల లోపు, మన దేశం కన్నా చిన్నది. అయితే అమ్మా, నాలుగో పాదం అతుకు. ఆ బొంకు మెర్కేటర్‌ది, ఆయనకి దూలం లేదన్నది మీరే. 2018 నాటి ఈక్వల్ ఎర్త్ పటం చూడండి: ఆఫ్రికా వైశాల్యం నిక్కచ్చిగా ఉంటుంది, ధ్రువం మాత్రం గీతే. ఉబ్బు వేరు, దూలం వేరు.

హన్మకొండ అక్కయ్య: గీత అయితేనేం మాస్టారూ, ఆఫ్రికాకి న్యాయం జరిగిందిగా. మూడో పాదం మార్చను.

నిర్వాహకుడు: మార్చకండి, ఆ గొంతు బాగుంది. సమన్వయంలో మాత్రం మాస్టారిదే పైచేయి. వచ్చే వారం తేటగీతి, విమానంలో సీటు ముందు తెర మీద దారి చూసినవాళ్లకి తేలిక:

వంకగీతయె దగ్గర బాట యయ్యె