అక్క పోయిన పిల్లాడికి, అక్క తిరిగొచ్చే కథ చదివించొచ్చా?

పెద్దమ్మ (విజయవాడ):
మా చెల్లెలి కుటుంబం వేల్స్‌లో ఉంటోంది. దాని కొడుక్కి తొమ్మిదేళ్లు. నిరుడు వాడి అక్క జబ్బు చేసి పోయింది. ఇప్పుడు క్లాసులో జెన్నీ నిమ్మో నవల 'ద స్నో స్పైడర్' (1986) చదివిస్తారట. వాణ్ని ఆ గంట వేరే చోట కూర్చోబెట్టమని టీచర్‌ని అడగాలా వద్దా అని చెల్లెలికి ఒకటే టెన్షన్.

చదవనివాళ్ల కోసం కథ చెబుతాను. గ్విన్ అనే పిల్లాడి తొమ్మిదో పుట్టినరోజున నానమ్మ వాడికి సముద్రపు నాచు, పసుపు స్కార్ఫు, తగరపు ఈల, మెలికలు తిరిగిన బ్రోచ్, విరిగిన గుర్రం బొమ్మ ఇచ్చి, నువ్వు మాంత్రికుడివో కాదో తేల్చుకోమంటుంది. నాలుగేళ్ల కిందట అదే రోజున వాడి అక్క బెథాన్ గొర్రెను వెతుకుతూ కొండెక్కి మళ్లీ రాలేదు. వాడు బ్రోచ్‌ను గాలికిస్తే వెండి సాలీడు వస్తుంది. తర్వాత అచ్చం బెథాన్‌లాగే ఉండే పాలిపోయిన పిల్ల, ఎయర్లిస్, వస్తుంది.

నేనైతే వద్దన్నాను. గాలికి ఏదో ఇస్తే అక్క వస్తుందని నమ్మిన పిల్లాడు రేపు కిటికీలోంచి బొమ్మలు విసరడని ఏమిటి నమ్మకం?

సుద్దముక్క:
పెద్దమ్మగారూ, పది పన్నెండేళ్ల పిల్లలకు కథలు చెప్పే ఉద్యోగం నాది. తొమ్మిదేళ్లవాడికి కథకీ ఇంటికీ తేడా తెలుసండీ. మీరు సాలీణ్ణి చూసి భయపడుతున్నారు. నేను మాత్రం గ్విన్ నాన్ననే చూస్తాను. నీ గొర్రె కోసం వెళ్లే కదా పోయింది అని ఆ నాన్న ఐవర్ మనసులో పెట్టుకుని కొడుకుతో ముభావంగా ఉంటాడు. పుట్టినరోజు వచ్చిందంటే ఆ ఇంట్లో మూతులు ముడుచుకుంటాయి. అక్క పోయిన ఇంట్లో మిగిలిన పిల్లాడికి ఉండే అసలు బాధ అదే: నావల్లే పోయిందా, నేనుంటే వీళ్లకు చాలదా? దాన్ని పైకి అనే పుస్తకాలు ఎన్నున్నాయి చెప్పండి. మీవాణ్ని ఒక్కణ్ణే బయటికి పంపితే, నీ సంగతి మాట్లాడకూడనిది అని క్లాసంతటికీ చాటినట్టే.

కరకువిమర్శ:
నా అభ్యంతరం వేరు. మబినోగి (వేల్స్ పురాణ కథలు) లాంటి పాత కథల్ని తెచ్చి దుఃఖానికి తాయెత్తు కట్టడం నాకు నచ్చదు. మూలంలో కథ కటికగా ఉంటుంది. రాకుమారి బ్రాన్‌వెన్‌ను తననడక్కుండా ఐర్లండ్ రాజుకిచ్చారని ఆమె సవతి సోదరుడు ఎవ్నిసియెన్ ఆ రాజు గుర్రాల పెదవులు, చెవులు, తోకలు కోసేస్తాడు. పరిహారంగా ఒక కొప్పెర ఇస్తారు. చచ్చిన యోధుణ్ణి అందులో వేస్తే మర్నాటికి లేచి పోరాడతాడు, కానీ నోట మాట ఉండదు. పోయినవాళ్లు తిరిగొస్తే ఎలా ఉంటారో ఆ కథ చెప్పిన నిజం అది. నిమ్మో దగ్గర బెథాన్ లాంటి పిల్ల చక్కగా మాట్లాడుతూ ఇంట్లో తిరుగుతుంది. అందం కోసం నిజం వదిలేశారు.

సుద్దముక్క:
బాబూ, ఆ విరిగిన గుర్రం ఎక్కడిదనుకున్నారు? ఎవ్నిసియెన్ కోపం దాంట్లోనే ఉంది. మీరు లేదంటున్న కటిక భాగం పిల్లాడి చేతిలోనే పెట్టారు. అది బయటపడగానే కొండ మీద తుఫాను. మనవాడికి ఏడుపే కాదు, కోపం కూడా వస్తుందని చెప్పడానికి అంతకంటే ఏం కావాలి? పైగా ఎయర్లిస్ చివరిదాకా ఉండదు, వెళ్లిపోతుంది. భాగవతం దశమ స్కంధంలో దేవకి చనిపోయిన ఆరుగురు కొడుకుల్ని చూడాలని కోరితే కృష్ణుడు బలి దగ్గర్నుంచి తెస్తాడు. వాళ్లు పాలు తాగి వెళ్లిపోతారు, ఉంచేసుకోవడం లేదు. అది తాయెత్తు అంటారా?

కరకువిమర్శ:
దేవకి సంగతికి ఒప్పుకుంటా, గుర్రం సంగతికీ సగం ఒప్పుకుంటా. కానీ మబినోగిలోనే ఇంకో ముక్క ఉంది, పిల్లల పుస్తకాలవాళ్లు దాన్ని ముట్టుకోరు. ఆ బ్రాన్‌వెన్ కోసం ఐర్లండ్‌లో జరిగిన యుద్ధం నుంచి ఏడుగురే బతికి వస్తారు. గ్వాలెస్ దీవిలో ఎనభై ఏళ్లు పోయినవాళ్లెవరూ గుర్తు రాకుండా విందు చేసుకుంటారు. మూసి ఉన్న తలుపు ఒకడు తెరుస్తాడు. అంతే, పోగొట్టుకున్న ప్రతి మనిషీ అప్పుడే పోయినట్టు గుర్తొస్తారు. నాకు కావాల్సింది ఆ తలుపు.

పెద్దమ్మ (విజయవాడ):
మీరిద్దరూ పండితులు. నాకు మాత్రం మావాడు తలుపు వెనక ఎన్నాళ్లు ఉంటాడన్నదే దిగులు. అక్క పేరు ఎత్తితే వాళ్లమ్మ ఏడుస్తుందని వాడు ఆ పేరే ఎత్తడట, నిన్న చెల్లెలు ఫోన్లో చెప్పింది.

సుద్దముక్క:
అమ్మా, మరింకేం. ముందు మీ చెల్లెల్ని ఆ పుస్తకం చదవమనండి. టీచర్‌కి సంగతి చెప్పి, ఏ రోజు ఏ అధ్యాయమో అడగమనండి. వాడికి కష్టమనిపిస్తే లేచి వెళ్లొచ్చని ముందే అనుకుంటే సరి. తప్పించమని మాత్రం అడగొద్దనండి.

వేడిటీ:
2020లో బీబీసీ సీరియల్ కూడా వచ్చింది కదా, ముందు అది చూపిస్తే తేలిగ్గా ఉండదా?

కరకువిమర్శ:
వద్దు. తెర మీద ఆ పిల్లకు ఒక మొహం వచ్చేస్తుంది. పుస్తకంలో అయితే వాడు తన అక్క మొహమే పెట్టుకుంటాడు. అది మంచిదా చెడ్డదా అన్నదే నేనింకా ఒప్పుకోని సంగతి.

పెద్దమ్మ (విజయవాడ):
చెల్లెలికి లింకు పంపాను. రెండో అధ్యాయం దాకా చదివి, ఐవర్ మీద నాకంటే ఎక్కువ మండిపడుతోంది.