జారిన బల్ల (ప్లీహం) వల్ల లివరు ప్రెజరు వచ్చిందా, ప్రెజరు వల్లే బల్ల జారిందా?

గుణుపురం_మరిది:
మా వదినకి 27 ఏళ్లు. మూడేళ్లుగా బొడ్డు కింద గడ్డ. పడుకుంటే పైకి పోతుంది, నిలబడితే దిగుతుంది. ఇంట్లోవాళ్లు బల్ల అన్నారు, ఎవరో చెప్తే పొట్ట మీద వాతలు కూడా పెట్టించారు (ఆ మచ్చల గురించి నన్నడక్కండి). పోయిన వారం తారులా నల్లటి విరేచనాలు. ఆసుపత్రిలో చేర్చాం, రక్తం ఎక్కించారు, ఇప్పుడు ఆగింది. స్కానింగులో ప్లీహం దాని చోట లేదు, కటిలో ఉంది, కాడ (దాని రక్తనాళాలు ఉండేది) మెలిక తిరిగింది. ఎండోస్కోపీలో జీర్ణాశయం పైభాగంలో సిరలు ఉబ్బాయి. ఒక డాక్టరు గారు 'పోర్టల్ హైపర్‌టెన్షన్, లివరుదే తప్పు' అంటున్నారు (లివరుకి రక్తం తెచ్చే పోర్టల్ సిరలో ప్రెజరు పెరగడమట). ఇంకొకరు 'ప్లీహానిదే తప్పు, తీసేయాలి' అంటున్నారు. ఎవరి మాట వినాలి?

కొరాపుట్_బాబాయ్:
మా చిన్నప్పుడు మలేరియాతో ఇంటికొక బల్ల ఉండేది. బల్ల పెరుగుతుంది, బరువుకి పట్టు వదిలి జారుతుంది, జారాక మెలిక పడుతుంది. లివరు చెడినా ప్లీహం అలాగే పెరుగుతుంది. కాబట్టి ప్రెజరు ముందు, మెలిక తర్వాత. లివరు తేల్చకుండా కత్తి పట్టనివ్వకు.

రాయగడ_సిస్టర్:
బాబాయ్ గారూ, అలా అవ్వదని నేననను. కానీ ఈ అమ్మాయి వయసు చూడండి. ప్లీహాన్ని పట్టి ఉంచే బంధాలు పుట్టుకతోనే లేకపోయినా, వదులుగా ఉన్నా అది పొడుగు కాడకి వేలాడుతుంది. ఆనపకాయని తీగ మీదే పట్టుకుని తిప్పినట్టు తిరిగిపోతుంది. గోడ పల్చన గనక సిర ముందు నొక్కుకుపోతుంది, ధమని మాత్రం రక్తం తోస్తూనే ఉంటుంది. లోపలికి వచ్చిన రక్తానికి బయటికి దారేదీ? జీర్ణాశయం పైభాగానికి వెళ్లే పొట్టి సిరల్లో పడుతుంది. అవే ఉబ్బి కారతాయి. లివరు శుభ్రంగానే ఉంటుంది, ప్రెజరు ఎడమ పక్కనే.

మరిది బాబూ, రిపోర్టులో లివరు అంచు, పోర్టల్ సిర వెడల్పు ఏమని రాశారు?

గుణుపురం_మరిది:
లివరు నునుపు, సైజు మామూలే. పొట్టలో నీరు లేదు. పోర్టల్ సిర 11 మిల్లీమీటర్లు. ప్లీహం సిరలో రక్తం గడ్డకట్టిందట, కదలట్లేదట.

రాయగడ_సిస్టర్:
పోర్టల్ సిర వెడల్పు మామూలే, లివరూ శుభ్రం. అయితే నా ఓటు రెండో డాక్టరు గారికే.

కొరాపుట్_బాబాయ్:
సరేనమ్మా, లివరు సంగతి ఒప్పుకున్నాను. మరి మెలిక విప్పి, ప్లీహాన్ని దాని చోట కుట్టేయొచ్చుగా? మన కొండల్లో మలేరియా ఇంకా పోలేదు. ప్లీహం లేని మనిషికి అది వస్తే మామూలుగా ఉండదు.

రాయగడ_సిస్టర్:
ఇది అసలు ప్రశ్న. ప్లీహం బతికి ఉండి, సిరలో గడ్డ లేకపోతే కుట్టడమే మేలు, చిన్నపిల్లలకైతే మరీను. ఇక్కడ సిర మూసుకుంది, సిరలు కారాయి కూడా. ప్లీహాన్ని ఉంచితే ధమని రక్తం పంపుతూనే ఉంటుంది, ఆ సిరలు మళ్లీ కారతాయి. తీసేస్తే వాటికి వచ్చే రక్తమే ఆగుతుంది. అదే లివరు జబ్బు అయ్యుంటే తీసినా లివరు ప్రెజరు పోయేది కాదు.

పర్లాకిమిడి_మందులషాపు:
తీయించే ముందు టీకాల సంగతి అడగండి. న్యుమోకాకల్, మెనింగోకాకల్, హిబ్. ఆపరేషనుకి 2 వారాల ముందు వేస్తే మంచిది, టైము లేకపోతే 2 వారాల తర్వాత. మా కౌంటర్ దగ్గరికి జ్వరమని వచ్చి, నిలబడే పారాసిటమాల్ అడిగి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. మీ వదినగారు ఆ లైన్లో నిలబడకూడదు. జ్వరం వస్తే అదే పూట ఆసుపత్రి, మలేరియా పరీక్ష. 'ప్లీహం లేదు' అని ఒక చీటీ రాసి పర్సులో పెట్టండి, తెలుగులోనూ ఒడియాలోనూ.

కొరాపుట్_బాబాయ్:
అయినా మెలిక విప్పాక ప్లీహానికి రంగు తిరిగి వస్తుందేమో చూడమని సర్జన్‌ని అడుగు బాబూ. అడగడానికి డబ్బులేం కావుగా.

గుణుపురం_మరిది:
అడిగాను. సిరలో గడ్డ ఉంది కాబట్టి ఆశ తక్కువన్నారు. టీకాలు ఈ రోజే వేయించాం, 2 వారాల తర్వాత విశాఖలో ఆపరేషను. వాతల సంగతి కూడా డాక్టరు గారికి చెప్పేశాం. మా అమ్మ తల దించుకుని కూర్చుంది పాపం.