ఆస్ట్రేలియాలో కేథరిన్ ఊరి వైపు పశువుల స్టేషన్‌కి (పెద్ద పశువుల ఫారానికి) వెళ్తున్న తమ్ముడికి

తమ్ముడూ, ఆస్ట్రేలియాలో ఉంటూ పని కూడా చేసుకునే 462 వీసా బ్యాలట్‌లో (లాటరీలో) పేరొచ్చిందని, ఏప్రిల్ చివర మస్టరింగ్ పనిలో, అంటే మేతకి వదిలిన పశువులను ఒకచోటికి చేర్చే పనిలో చేరుతున్నానని రాశావు. చాలా సంతోషం. కేథరిన్ ఉన్న నార్తర్న్ టెరిటరీ ప్రాంతంలోనే రెండు సీజన్లు చేశాను కాబట్టి చెప్తున్నా.

వానలు ఆగి దారులు ఆరాక మొదటి విడత మొదలవుతుంది. హెలికాప్టర్ పొదల్లోంచి పశువులను బయటికి తోలుతుంది. కింద బైకులు, గుర్రాల మీద ఉన్నవాళ్లు మందను చెదరకుండా యార్డు (కంచెల దొడ్డి) దాకా నడిపిస్తారు. అసలు పని యార్డులోనే. దూడలకు ముద్రలు, చెవి ట్యాగులు, తల్లినుంచి వేరుచెయ్యడం. నా మొదటి వారంలో ఒక గేటుకి గొళ్లెం సరిగా పడలేదు. వేరుచేసిన దూడలన్నీ మళ్లీ తల్లుల్లో కలిసిపోయాయి. ఎవరూ నన్ను తిట్టలేదు గానీ ఆ దుమ్ములో అందరూ మళ్లీ మొదటినుంచి చేశారు. గొళ్లెం వేశాక ఒకసారి చేత్తో లాగి చూడు.

అక్కడి బ్రాహ్మన్ ఆవుల మూపురం, గంగడోలు చూస్తే మన ఊరు గుర్తొస్తుంది. నిజంగానే ఒంగోలు రక్తం అది. అమెరికాలో ఒంగోలు, గిర్, కాంక్రేజ్ పశువులను కలిపి తయారుచేసిన జాతిని 1933లో ఆస్ట్రేలియాకి తెచ్చారు. అలాగని మన పాడి ఆవులే అనుకుని దగ్గరికి వెళ్లకు. ఏడాదికి ఒకటి రెండుసార్లే మనిషిని చూస్తాయి. దూడ దూరమైన ఆవు తలెత్తి నిన్నే చూస్తోందంటే ఆలోచించకుండా కంచె ఎక్కెయ్.

తిండి దగ్గర మొహమాటపడకు. రోజూ బీఫే ఉంటుంది. తినకపోతే చేరకముందే ఫోన్‌లో చెప్పు. పప్పులు, ఊరగాయ డార్విన్‌లో కొనుక్కో. జూన్, జూలైలో రాత్రి బయట పడుకుంటే చలేస్తుంది, మంచి దుప్పటి ఉండాలి.

బోర్ల దగ్గర నీళ్లు చూడ్డానికి ఒంటరిగా పంపితే, ఏ దారిన వెళ్తున్నావో, ఎప్పటికి వస్తావో చెప్పి వెళ్లు. బండి ఆగిపోతే దాన్ని వదిలి నడవొద్దు, వెతికేవాళ్లకి బండే కనిపిస్తుంది. ఒంట్లో బాగోలేకపోతే దాచుకోవద్దు. చాలా స్టేషన్లలో ఫ్లయింగ్ డాక్టర్ (మారుమూలలకి విమానంలో వచ్చే వైద్య సేవ) వాళ్ల మందుల పెట్టె ఉంటుంది, ప్రతి మందుకీ ఒక నంబరు. డాక్టరు ఫోన్‌లో ఆ నంబరు చెప్తారు.

పే స్లిప్పులన్నీ దాచుకో, రెండో ఏడాది వీసాకి కావాలి.

— అన్నా, థాంక్స్. అమ్మకే టెన్షన్‌గా ఉంది. రోజూ ఫోన్ కుదురుతుందా?

క్యాంపులో ఉంటే కుదరదు తమ్ముడూ. వారం పది రోజులు ఫోన్ రాకపోవచ్చని అమ్మకి ఇప్పుడే చెప్పు. స్టేషన్ ఇంటికి తిరిగొచ్చిన రోజు ముందు ఫోన్ చెయ్యి, తర్వాతే స్నానం. అక్కడ సాయంత్రం ఏడైతే ఇంటి దగ్గర మధ్యాహ్నం మూడు. అమ్మ మెలకువగానే ఉంటుంది.