హైస్కూల్ లైబ్రరీలో ప్రాజెక్టు పని: పిల్లల చేత పుస్తకాల్లో వెతికించడం ఎలా?

సోషల్ ఎస్‌ఏ:
నేను సోషల్ స్కూల్ అసిస్టెంటు (ఎస్‌ఏ)ని. మాది జిల్లా పరిషత్ హైస్కూలు. లైబ్రరీ అంటే మూడు ఇనప బీరువాలు, ఓ 900 పుస్తకాలు. లైబ్రేరియన్ పోస్టు లేదు, ఇన్‌ఛార్జి బాధ్యత నాదే. తొమ్మిదో తరగతిలో 42 మంది. వారానికి ఒక్కటే లైబ్రరీ పీరియడ్, 45 నిమిషాలు. ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) ప్రాజెక్టు ఇస్తే ఫోన్లో దొరికిన నాలుగు పేరాలు దించేసి, బొమ్మలు అంటించి తెస్తున్నారు. పది ప్రాజెక్టుల్లోనూ అదే తప్పు కనిపిస్తుంది. పోనీ పుస్తకం చేతికిస్తే, మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టి బెల్లు కొట్టేసరికి మూడో పేజీలో ఉంటారు.

ఈసారి అంశం ‘మా ఊరి చెరువు’. పుస్తకాలు ఎలా సర్దాలి? వెతకడం ఎలా నేర్పాలి? ఎన్ని పీరియడ్లు పడుతుంది? వివరంగా చెప్పగలరు.

గ్రంథపాలకుడు:
ముందు సర్దడం సంగతి. 900 పుస్తకాలకు డ్యూయీ పద్ధతిలో (విషయానికో సంఖ్య ఇచ్చి సర్దే పద్ధతి) మూడంకెలు చాలు. 510 గణితం, 530 భౌతికశాస్త్రం, 580 మొక్కలు, 590 జంతువులు, 630 వ్యవసాయం, 954 భారతదేశ చరిత్ర. పాయింటు తర్వాతి అంకెల జోలికి పోతే ఆ పని ఏడాదికీ తెమలదు. ఇబ్బంది ఒక్కచోటే వస్తుంది. తెలుగు సాహిత్యమంతా 894 కిందికే వచ్చి ఒక బీరువా దానికే సరిపోతుంది. అక్కడ మాత్రం సంఖ్య కింద క (కథలు), ప (పద్యాలు), న (నాటకాలు) అని రాసి, పక్కన రచయిత ఇంటిపేరు మొదటి అక్షరం వేయండి.

లేబుల్ పుస్తకం వెన్ను మీద, అడుగు నుంచి 2 సెంటీమీటర్లు వదిలి అంటించి పైన వెడల్పు టేపు వేయండి. పిల్లల పుస్తకాల్లో చాలావాటికి వెన్నే ఉండదు, పిన్ను కొట్టి ఉంటాయి. వాటికి అట్ట మీద ఎడమవైపు కింది మూలలో వేస్తే సరి.

అసలు పని ఇంకొకటుంది. మీ స్టాకు రిజిస్టరులో పుస్తకం పేరు, రచయిత, వెల ఉంటాయి. అది ఆడిట్‌కు పనికొస్తుంది కానీ పిల్లవాడికి పనికిరాదు. వ్యవసాయం మీద రాసిన పుస్తకంలో చెరువు కింద సేద్యం గురించి ఇరవై పేజీలుండొచ్చు, పేరు చూస్తే ఆ సంగతి తెలియదు. చెరువును కప్పేసే గుర్రపుడెక్కనే తీసుకోండి. అదే కలుపు మొక్కగా 632లో, జీవావరణంలో భాగంగా 577లో, కాలుష్యం కింద 363లో వస్తుంది. మూడూ మూడు చోట్ల ఉంటాయి. అందుకని 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి పెట్టి పేజీకి ఒక విషయం చొప్పున కేటాయించండి. ‘చెరువు’ పేజీలో ఏ రిజిస్టరు నంబరు పుస్తకంలో, ఏ పేజీల్లో ఉందో పిల్లలే రాస్తూ పోవాలి. ఈ ఏడాది వాళ్లు రాసింది వచ్చే ఏడాది వాళ్లకు దారి చూపిస్తుంది.

పీరియడ్ నడుస్తున్నంతసేపూ మూడు బీరువాలూ తెరిచే ఉంచండి. పుస్తకాలు వాడకానికే అన్నది గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారి మొదటి సూత్రం. పిల్లవాడు చేత్తో తీసి తిరగేయకపోతే నంబరు ఎందుకుందో వాడికి ఎప్పటికీ అర్థం కాదు.

బయాలజీ ఎస్‌ఏ:
నాలుగు పీరియడ్లు పెట్టుకోండి. అంతకన్నా తక్కువలో చేస్తే మళ్లీ దించడమే అవుతుంది.

దించడానికి అసలు కారణం సోమరితనం కాదు, ప్రశ్న లేకపోవడం. ‘మా ఊరి చెరువు’ అన్నది అంశమే, దానికి జవాబు ఉండదు. మొదటి పీరియడ్ అంతా ప్రశ్న తయారీకే ఇవ్వండి. ఏడుగురి చొప్పున ఆరు జట్లు, జట్టుకు ఒకే ప్రశ్న. తూము ఎలా పనిచేస్తుంది? ఆయకట్టు అప్పుడెంత, ఇప్పుడెంత? పూడిక ఎక్కడి నుంచి వస్తోంది? గుర్రపుడెక్క ఎందుకింత పెరుగుతోంది? ఇలా ఉండాలి. ప్రశ్న కింద వెతకాల్సిన మాటలు ఐదారు రాయించండి. పిల్లలు ఒక్క మాట పట్టుకుని, అది కనపడకపోతే ‘ఈ పుస్తకంలో లేదు సార్’ అని మూసేస్తారు. గుర్రపుడెక్క అని వెతికి దొరకలేదంటే ఐకార్నియా అనీ, వాటర్ హయసింత్ అనీ, నీటి కలుపు అనీ, చివరికి నీటి కాలుష్యం అనీ వెతకాలి.

రెండో పీరియడ్‌లో వెతకడమే, చదవడం లేదు. ముందురోజే ఆరు బల్లల మీద ఐదేసి పుస్తకాలు, మొత్తం 30, పెట్టి ఉంచండి. ఒక్కో పుస్తకానికి ఆరు నిమిషాలు. ముందు విషయసూచిక, తర్వాత లోపలి ఉపశీర్షికలు, ఆపైన ఒక్కో పేరాలో మొదటి వాక్యం. ఇంగ్లీషు పుస్తకాల చివర పదసూచిక (ఇండెక్స్) ఉంటుంది, తెలుగు పుస్తకాల్లో చాలావాటికి అది లేదు. కాబట్టి ఈ మెట్ల వరస తప్పనిసరి. పనికొచ్చే పేజీ దొరికితే కాగితం ముక్క పెట్టి పక్కన ఉంచడమే. ఐదూ ముప్పై నిమిషాల్లో అవుతాయి.

మూడో పీరియడ్ చీటీలది. ఏ4 కాగితాన్ని నాలుగు ముక్కలు చేయండి. మనిషికి ఐదు చొప్పున 210 చీటీలు, అంటే 53 కాగితాలు. ఒకవైపు వాడినవైనా పర్వాలేదు. చీటీకి ఒకటే విషయం. పేరా చదవాలి, పుస్తకం మూయాలి, రెండు వాక్యాల్లో రాయాలి. మళ్లీ తెరిచి అంకెలు, పేర్లు మాత్రం సరిచూసుకోవాలి. మంచి చీటీ ఇలా ఉంటుంది:

‘ప్రశ్న 4. గుర్రపుడెక్క నీళ్లంతా పరుచుకుంటే లోపలికి వెలుతురు పోదు. అది చచ్చి కుళ్లేటప్పుడు నీళ్లలో ఆక్సిజన్ తగ్గిపోయి చేపలు చస్తాయి. రి.నం. 412, పే. 38.’

పుస్తకం తెరిచి పెట్టుకుని రాస్తే ఆ పిల్ల ‘జలావరణ వ్యవస్థలో ద్రావిత ఆక్సిజన్ క్షీణత’ అని రాస్తుంది, దాని అర్థం అడిగితే చెప్పలేదు. చీటీలు చూసేటప్పుడు బరువైన మాట కనపడిందంటే అక్కడ ఆగి అర్థం అడగండి. దించిందో లేదో కనిపెట్టడానికి ఇంతకన్నా మంచి పరీక్ష లేదు.

నాలుగో పీరియడ్‌లో జట్టంతా కూర్చుని చీటీలన్నీ బల్ల మీద పరిచి వరసలో పెట్టుకుంటారు. రెండు పుస్తకాల్లో రెండు రకాలుగా ఉంటే ఒకటి చింపేయకుండా రెండూ రాయమనండి. ఆ తర్వాతే ఒక పేజీ వ్యాసం. మార్కులు మాత్రం సగానికి పైగా చీటీలకే ఇవ్వండి. చార్టుకు మార్కులిస్తే బొమ్మలే వస్తాయి.

తెలుగు పండిట్:
పై రెండు సమాధానాలూ బాగున్నాయి. ఒక్కటి కలుపుతాను. తొమ్మిదో తరగతి పిల్లలకు ఇంగ్లీషు డిక్షనరీ చూడటం వస్తుంది, తెలుగు నిఘంటువు చూడటం రాదు. రాకపోవడానికి కారణాలున్నాయి. అక్షరమాల పటంలో క్ష చివర ఉంటుంది కాబట్టి ‘క్షేత్రం’ కోసం పుస్తకం చివర వెతుకుతారు. నిఘంటువులో అది క కిందే, క గుణింతమంతా అయ్యాక వస్తుంది. సున్నా ఎక్కడొస్తుందో నిఘంటువును బట్టి ఉంటుంది, ముందుమాటలో వరస చూపించి మొదలుపెట్టండి. పాత నిఘంటువుల్లో ‘తటాకం’ ఉండదు, ‘తటాకము’ ఉంటుంది. ‘తవ్వించారు’ ఉండదు, ‘త్రవ్వు’ ఉంటుంది. ‘చెరువు’కు బదులు ‘చెఱువు’ ఉంటుంది.

అలుగు, తూము, క్షేత్రం, ఆయకట్టు, పూడిక, గండి, కట్ట, మత్తడి. ఈ ఎనిమిదీ చీటీల మీద రాసి ఇచ్చి అకారాదిగా పేర్చమనండి. పది నిమిషాల పని. అలుగు, మత్తడి రెండూ ఒకటేనని (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు) కూడా అప్పుడే చెప్పొచ్చు. తెలంగాణ పుస్తకంలో అలుగు అని వెతికితే దొరకకపోవచ్చు.

సోషల్ ఎస్‌ఏ:
చాలా ఉపయోగంగా ఉంది, అందరికీ ధన్యవాదాలు. ఆయకట్టు ప్రశ్న తీసుకున్న జట్టుకు మా ఊరి అంకెలు ఎక్కడ దొరుకుతాయి? బీరువాలో అలాంటివేవీ లేవు. స్కూల్లో నెట్ ఉన్న కంప్యూటర్ మాత్రం ఒకటుంది.

గ్రంథపాలకుడు:
2011 జనగణన జిల్లా హ్యాండ్‌బుక్ తీయండి. జనగణన శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగా దిగుతుంది. అందులో గ్రామాల పట్టిక మండలాల వారీగా ఉంటుంది. చెరువుల కింద, కాలువల కింద, బావుల కింద ఎంత సాగో విడివిడిగా ఇస్తారు. మూడు చోట్ల పిల్లలు పొరపడతారు. జిల్లాలు పాతవి. అనకాపల్లి కావాలంటే విశాఖపట్నం పుస్తకంలో చూడాలి. తెలంగాణలో ఇప్పుడు 33 జిల్లాలు, అప్పుడు 10. ఊరి పేరు ఇంగ్లీషులో ఉంటుంది, స్పెల్లింగు మీరు అనుకున్నట్టు ఉండకపోవచ్చు. ఫైండ్ కొట్టడం కన్నా మండలం పేజీలో కళ్లతో చూసుకోవడమే నయం. అంకెలు హెక్టార్లలో ఉంటాయి. ఊళ్లో పెద్దలు ఎకరాల్లో చెబుతారు కాబట్టి 2.47తో గుణించాకే పోల్చాలి.

తెలుగు వికీపీడియాలో మీ ఊరి వ్యాసం ఉంటే చూడండి. జనాభా, భూమి లెక్కలు చాలావరకు ఆ 2011వే. ‘ఇప్పటి జనాభా’ అని రాస్తే తప్పవుతుంది. వ్యాసం కింద మూలాలు ఉంటాయి, పిల్లలు చూడాల్సింది అవి. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీలో భాషను బట్టి వడకట్టుకోవచ్చు. పాత పుస్తకాలు స్కాన్ చేసి పెట్టిన ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని పాత తెలుగు పుస్తకాల పేర్లు ఎక్కువగా ఇంగ్లీషు లిపిలో ఉంటాయి. ‘ఆంధ్ర’ను ఒక ‘ఏ’తోనూ, రెండు ‘ఏ’లతోనూ కొట్టి చూడాలి. చాలావాటిలో పేజీలు బొమ్మలుగానే ఉంటాయి కాబట్టి లోపల తెలుగు మాట వెతికితే దొరకదు, విషయసూచిక తెరిచి చూడాల్సిందే. ఒక్క కంప్యూటర్ కాబట్టి జట్టు నుంచి ఇద్దరినే, పది నిమిషాల చొప్పున పంపండి. వెతకాల్సిన మాటలు కాగితం మీద రాసుకుని వస్తేనే కూర్చోనివ్వండి.

ఇక చెరువు నీళ్లు వదిలే నీరటి (రాయలసీమలో నీరుగంటి) మీ ఊళ్లో ఇంకా ఉంటే ఆయన దగ్గరికీ ఇద్దరిని పంపండి. ఆయన చెప్పింది కూడా చీటీయే. పుస్తకం నంబరు వేసే చోట ఆయన పేరు, అడిగిన తేదీ వేయాలి.