అప్‌డేట్: ప్లాస్మాలోంచి సిగ్నల్ దాటించడం గురించి

అంతరిక్షం నుంచి దిగే క్యాప్సూల్ చుట్టూ ప్లాస్మా (వేడికి ఎలక్ట్రాన్లు విడిపోయిన వాయువు) కమ్ముకొని రేడియో తెగిపోతుంది కదా, అయస్కాంతంతో దారి చేయొచ్చా అని అడిగాను. చేయొచ్చట! హనుమకొండలో మా కాలేజీ సార్ బోర్డు మీద లెక్క వేసి చూపించారు. ఘనపు మీటరుకు 10¹⁸ ఎలక్ట్రాన్లుంటే దాదాపు 9 గిగాహెర్ట్‌జ్ లోపు తరంగాలన్నీ వెనక్కి తిరుగుతాయి. 1.575 గిగాహెర్ట్‌జ్ దగ్గరున్న జీపీఎస్ సిగ్నల్ దాన్ని దాటలేదు. అదే యాంటెన్నా ముందు, తరంగం వెళ్లే దిశలోనే 0.056 టెస్లాకు (అయస్కాంత బలానికి కొలమానం) బాగా మించిన అయస్కాంత క్షేత్రం పెడితే ఎలక్ట్రాన్లు బలరేఖలను చుట్టుకొని ఉండిపోతాయి, సరైన వైపు తిరిగే వృత్తాకార ధ్రువణ తరంగం (విద్యుత్ క్షేత్రం గుండ్రంగా తిరుగుతూ సాగే తరంగం) దాటిపోతుంది.

ఆ అయస్కాంత క్షేత్రానికి అడ్డంగా విద్యుత్ క్షేత్రం కూడా కలిపితే ప్లాస్మానే పక్కకు తోసి పల్చన చేయొచ్చు. నాకు ఇదే బాగా నచ్చింది. చిక్కంతా అయస్కాంతం బరువుతోనే.

1965లో నాసా వ్యోమనౌక జెమిని 3లో సిగ్నల్ దాటించడానికి ప్లాస్మాలోకి నీళ్లు చిమ్మి చూశారని చెప్పిన అన్నకు థాంక్స్. సెమినార్‌లో అది కూడా పెడుతున్నా.